ఆకలి నగరంలో సింఫనీ

1942వ సంవత్సరం. రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరంలో క్సేనియా మాతుస్ అనే యువతి తన వాద్యాన్ని బాగుచేయించడానికి ఒక పనివాడి దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆమె వాయించేది ఓబో. మన సన్నాయికి దూరపు చుట్టమనుకోండి. నల్లని కర్రగొట్టం, దాని ఒంటినిండా లోహపు మీటలు. చలికాలమంతా ముట్టుకోక మూలపడేయడంతో మీటలు పచ్చగా చిలుము పట్టిపోయాయి. పనివాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చేసిపెడతానన్నాడు. కూలి ఎంత అంటే డబ్బు వద్దన్నాడట. ఒక పిల్లిని తెచ్చిపెట్టమన్నాడట! అప్పటికే ఐదింటిని తిన్నానని కూడా దాపరికం లేకుండా చెప్పాడట.

పిల్లి ఎక్కడనుంచి వస్తుంది? ఆ ఊళ్ళో అప్పటికి పిల్లీ లేదు, కుక్కా లేదు, చూరుకింద పావురమూ లేదు. ఎలాగైతేనేం, ఓబో మళ్ళీ పలికింది. ఆ ఓబో వాయించవలసిన కచ్చేరీ కథే ఇది. సంగీత చరిత్రలో గొప్ప కచ్చేరీలు చాలా ఉన్నాయి. శ్రోతలూ విద్వాంసులూ కూడా ఆకలితో చావుకు దగ్గరై కూర్చున్న కచ్చేరీ మాత్రం ఇదొక్కటే అనుకుంటాను.

1941 జూన్ 22న హిట్లరు సేనలు రష్యామీద పడ్డాయి. సెప్టెంబరు 8 నాటికి లెనిన్‌గ్రాడ్‌కు నేలమీది దారులన్నీ మూసుకుపోయాయి. ఊరిలోపల సుమారు ఇరవై ఐదు లక్షల జనం. హిట్లరు ఆ ఊరిని ముట్టడించి లోపలివారిని ఆకలితో మాడ్చి చంపదలిచాడు. ముట్టడి 872 రోజులు సాగింది.

మొదటి శీతకాలమే అన్నిటికన్నా ఘోరమైనది. నవంబరు, డిసెంబరు నెలల్లో కార్మికుడికి రోజుకు 250 గ్రాముల రొట్టె. తక్కినవారికి, అంటే గుమాస్తాలకూ ఇంట్లో ఉండే ఆడవారికీ పిల్లలకూ ముసలివారికీ, 125 గ్రాములు. అదీ అసలైన రొట్టె కాదు. పిండి చాలక పత్తిగింజల పిండీ, కర్రగుజ్జూ కలిపి కాల్చిన నల్లని ముద్ద. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయి. జనం నేవా నదిమీద మంచుకు కన్నం వేసి బిందెలతో నీళ్ళు తోడుకున్నారు. కుర్చీలూ బల్లలూ పుస్తకాలూ పొయ్యిలోకి పోయాయి. పిల్లలు మంచుమీద ఆడుకొనే చిన్న చెక్కబండ్లమీద శవాలను కట్టి శ్మశానానికి లాక్కుపోయేవారు. చనిపోయినవారి లెక్క లక్షల్లో ఉంది.

అప్పుడు ఊరికి మిగిలిన ప్రాణవాయువు రేడియో ఒకటే. వీధివీధినా లౌడ్‌స్పీకర్లు ఉండేవి. మాట్లాడడానికి ఎవరూ లేనప్పుడు కేంద్రంవారు మెట్రొనోమ్ మోగించేవారు. సంగీతం నేర్చుకొనేవారు తాళం తప్పకుండా ముందు పెట్టుకునే యంత్రం అది. "టిక్, టిక్" అని నెమ్మదిగా మోగితే ఫరవాలేదని అర్థం. గబగబా మోగితే విమానాలు వస్తున్నాయి, దాక్కోమని. ఏ చప్పుడూ లేకపోతే ఊరే పోయిందన్నమాట. అందుకని దాన్ని ఆపేవారు కారు.

నిప్పులార్పే స్వరకర్త

ఆ ఊరివాడే ద్మీత్రి షోస్తకోవిచ్. 1906లో అక్కడే పుట్టాడు, అక్కడి సంగీత కళాశాలలోనే చదివాడు. పంతొమ్మిదో ఏట వ్రాసిన మొదటి సింఫనీతోనే పేరు దేశాంతరాలకు పాకింది. పేరుతోపాటే గండమూ వచ్చింది. 1936లో అతని సంగీతనాటకం స్టాలినుకు నచ్చలేదు. రెండు రోజులు తిరగకుండా 'ప్రావ్‌దా' పత్రిక దాన్ని చీల్చి చెండాడింది. ఆ రోజుల్లో అటువంటి విమర్శ పత్రికతో ఆగేది కాదు. అర్ధరాత్రి తలుపు తట్టేదాకా వచ్చేది. షోస్తకోవిచ్ బతికి బయటపడ్డాడు గాని ఆ భయం జన్మలో వదలలేదు.

యుద్ధం రాగానే సైన్యంలో చేరతానని వెళ్ళాడు. సోడాబుడ్డి కళ్ళద్దాలు చూసి వద్దన్నారు. కళాశాల భవనం కప్పుమీద కాపలా ఉండి, నిప్పుబాంబులు పడితే ఆర్పే దళంలో చేర్చుకున్నారు. శిరస్త్రాణం పెట్టుకున్న అతని బొమ్మ తరువాత 1942 జూలైలో అమెరికాలో 'టైం' పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఇదంతా ప్రచారంకోసమేనని ఎవరైనా అంటే కాదనలేం. ప్రచారం రెండు పక్షాలకూ అవసరమైన కాలం అది. కాని ఆ కప్పుకింద గదిలో అతను వ్రాస్తున్నది మాత్రం ప్రచారం కోసమని అనలేం.

సింఫనీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుంటే మంచిది. మన కచ్చేరీలో గాయకుడు ఒకడు, పక్కన ఫిడేలు, మృదంగం. కీర్తన త్యాగయ్యగారిదే అయినా రాగాలాపన, స్వరకల్పన ఆ పూట పాడేవాడి మనోధర్మం. అక్కడ అలా కాదు. వందమంది కూర్చుంటారు. ప్రతివాడూ ఏ క్షణాన ఏ స్వరం ఎంత మెత్తగా ఊదాలో, ఎంతసేపు ఊరుకోవాలో కూడా స్వరకర్త ముందే కాగితంమీద వ్రాసిపెడతాడు. ఆ వందమందినీ నడిపించేవాడు కండక్టరు. బస్సులో టిక్కెట్లు కోసే కండక్టరు కాదు లెండి, చేతిలో చిన్న బెత్తం ఉంటుంది. అందులో ఒక్క వాద్యం లేకపోయినా గోడలో ఇటిక ఊడినట్టు కన్నం కనిపిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

షోస్తకోవిచ్ తన ఏడవ సింఫనీని 1941 జూలైలో మొదలుపెట్టాడు. బాంబుల మోతలో మొదటి మూడు భాగాలు సెప్టెంబరు నెలాఖరుకు పూర్తయినాయి. మధ్యలో ఒకరోజు రేడియోలో మాట్లాడి, కొత్త సింఫనీ రెండు భాగాలు ముగించానని ఊరివారికి తెలిపాడు. మన ఊళ్ళో జీవితం మామూలుగానే నడుస్తున్నదని జనానికి తెలియడానికే ఆ మాట. అక్టోబరు 1న ప్రభుత్వం అతనినీ భార్యనూ ఇద్దరు పిల్లలనూ విమానంలో బయటికి పంపింది. తల్లీ అక్కగారూ ఊళ్ళోనే ఉండిపోయారు. వోల్గా ఒడ్డున కూయిబిషెవ్‌లో తలదాచుకుని, డిసెంబరు 27న నాలుగో భాగం ముగించాడు. తల్లి మార్చిలో గాని బయటపడలేదు.

మొదటి భాగంలో ఒక విచిత్రం ఉంది. ఆరేడు నిమిషాలు హాయిగా సాగిన తరువాత అన్నీ సద్దుమణిగి, దూరాన్నుంచి సైడ్ డ్రమ్ము వినిపిస్తుంది. కవాతుల్లో నడుముకు తగిలించుకుని రెండు పుల్లలతో వాయించే చిన్న డోలు ఉన్నది చూశారూ, అదే. దానిమీద ఒక చిన్న పాట, పిల్లలు వీధిలో ఈలవేసుకునేటంత తేలిక పాట, మొదలవుతుంది. అదే పాట మళ్ళీ వస్తుంది, మళ్ళీ వస్తుంది. పదిసార్లకు పైగా వస్తుంది. పాట మారదు, మోత పెరుగుతుంది. చివరకు వాద్యబృందమంతా మీదపడి గొంతు నులిమినట్టు అవుతుంది. డ్రమ్ము మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకే దరువు. శత్రుసేనలు వస్తున్న చప్పుడే ఇదని అందరూ అనుకున్నారు. స్వరకర్త మనస్సులో హిట్లరుతోపాటు స్టాలిను కూడా ఉన్నాడని చాలామంది తరువాత వాదించారు. 1979లో అతని జ్ఞాపకాలంటూ వచ్చిన పుస్తకం ఆ వాదానికి బలమిచ్చింది గాని, ఆ పుస్తకం నిజంగా అతని మాటలేనా అన్న తగాదా తెగలేదు. నా మటుకు నాకు ఆ పాట ఎవరిదైనా ఒకటే. వింటూంటే గుమ్మంలో బూటుకాళ్ళ చప్పుడు వినిపిస్తుంది, అంతే.

హంగరీ స్వరకర్త బార్తోక్‌కు మాత్రం ఇది బొత్తిగా నచ్చలేదు. తన మరుసటి ఏటి రచనలో ఆ పాటను వెక్కిరిస్తున్నట్టు వాయింపించాడు. పెద్దవాళ్ళ తగాదాలు మనకెందుకు!

1942 మార్చి 5న కూయిబిషెవ్‌లో సింఫనీ మొదటిసారి వినిపించారు. స్వరప్రతిని సూక్ష్మచిత్రాలుగా ఫిల్ముమీదికి ఎక్కించి, విమానంలో టెహరానుకూ, అక్కడినుంచి కారులో కైరోకూ, అక్కడినుంచి పడమటి దేశాలకూ చేరవేశారు. జూన్‌లో లండనులో హెన్రీ వుడ్, జూలైలో న్యూయార్కు రేడియోలో టోస్కనీనీ వాయింపించారు. అమెరికాలో ముందెవరు వాయించాలన్నదానిమీద పేరుమోసిన కండక్టర్లు పోటీపడ్డారు. లోకమంతా విన్నది. వినవలసిన ఊరు ఇంకా వినలేదు.

పదిహేనుమంది

లెనిన్‌గ్రాడ్‌లో పెద్ద వాద్యబృందం, మ్రావిన్‌స్కీ నడిపే ఫిల్‌హార్మోనిక్, ముట్టడికి ముందే సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌కు తరలిపోయింది. ఊళ్ళో మిగిలింది రేడియో వాద్యబృందం. కండక్టరు కార్ల్ ఎలియాస్‌బెర్గ్. అప్పటికి ముప్ఫై అయిదేళ్ళవాడు, సన్నగా పొడుగ్గా కళ్ళద్దాలతో ఉండేవాడు, పనిదగ్గర మహా కటువు. పెద్ద బృందం ముందు వీళ్ళది ఎప్పుడూ రెండో పీటే.

శీతకాలంలో ఈ బృందమూ మూగపోయింది. కొందరు చనిపోయారు, కొందరు యుద్ధంలో ఉన్నారు, తక్కినవారు మంచంమీదినుంచి లేవలేరు. ఎలియాస్‌బెర్గ్ కూడా అంతే. ఆకలివ్యాధితో నడవలేని స్థితిలో అతనిని మంచుబండిమీద లాగి అస్తోరియా హోటల్లో పెట్టిన ఆస్పత్రికి చేర్చారు. ఊరు పట్టుబడ్డాక విజయోత్సవపు విందు ఆ హోటల్లోనే చేసుకోవాలని హిట్లరు తలిచాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, ఆ గదుల్లో అప్పుడు జరుగుతున్న విందు గంజినీళ్ళతో ఒక్కొక్క మనిషినీ నిలబెట్టడమే.

వసంతం రాగానే నగరపాలకులు మళ్ళీ సంగీతం వినిపించాలన్నారు. బతికి ఉన్న విద్వాంసులు రేడియో కేంద్రానికి రావలసిందని కబురు వెళ్ళింది. ఎలియాస్‌బెర్గ్ లేచి, కాళ్ళీడ్చుకుంటూ ఇల్లిల్లూ తిరిగి వెతికాడు. మార్చి 30న మొదటి సాధన. వచ్చినవారు పదిహేనుమంది! సాధన మూడు గంటలు అనుకున్నది పావుగంటలో ముగిసింది. ఎలియాస్‌బెర్గ్ చేతులెత్తితే చేతులు వణికాయి. బాకా ఊదేవాడి వంతు వచ్చింది, చప్పుడు లేదు. ఎందుకు ఊదవంటే, ఊపిరి లేదన్నాడు. ఉంది, ప్రయత్నించమన్నాడు కండక్టరు.

సాధనకు వచ్చేవారికి కొంచెం అదనంగా తిండి పెట్టారు. సంగీతంకోసం వచ్చారా, గంజికోసం వచ్చారా అని ఎవరైనా అడిగితే సిగ్గుపడవలసినది అడిగినవాడే.

ఇక్కడే డోలువాడి కథ. జావుదాత్ ఐదారోవ్ చనిపోయాడని ఎలియాస్‌బెర్గ్‌కు చెప్పారు. డ్రమ్ము లేకపోతే ఈ సింఫనీ ఎక్కడిది? శవాలుంచిన గదికి వెళ్ళి చూస్తే, వరుసలో పడుకోబెట్టిన ఐదారోవ్ వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయట. "వీడు బతికే ఉన్నాడు" అని కేకవేసి బయటికి తీయించాడని చెబుతారు. కథ చెప్పగా చెప్పగా కొంత పెరిగి ఉండవచ్చు. ఐదారోవ్ మాత్రం అబద్ధం కాదు. ఆగస్టు 9న డ్రమ్ము వాయించినవాడు ఆయనే.

జూలై మొదట్లో శత్రువుల కాల్పుల మధ్యనుంచి ఒక విమానం మందులతోపాటు నాలుగు దళసరి పుస్తకాలను ఊళ్ళో దించింది. అదే స్వరప్రతి. ఎలియాస్‌బెర్గ్ మొదటి పేజీ తిప్పి డీలాపడ్డాడు. కొమ్ములు ఎనిమిది, బాకాలు ఆరు, ట్రాంబోనులు ఆరు! మామూలు బృందానికి రెట్టింపు ఇత్తడి. ఊదే వాద్యాలకు కావలసింది ఊపిరి, లేనిదే అది. లెనిన్‌గ్రాడ్ రంగ సేనాధిపతి గోవరోవ్ దగ్గరకు కబురు వెళ్ళింది. ఆయన కందకాల్లోనుంచి, సైనిక బ్యాండుల్లోనుంచి వాయించడం వచ్చినవారిని పంపించాడు. ఉదయం మరతుపాకీ పట్టుకున్నవాడు సాయంకాలం కొమ్ము పట్టుకున్నాడు.

ప్రతి విద్వాంసుడూ తన వంతు స్వరాలను తానే కాగితంమీదికి ఎత్తుకోవలసి వచ్చింది. వేళ్ళు పట్టు తప్పేవి. సాధన మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయేవారు. ముగ్గురు ఆ సాధనల కాలంలోనే చనిపోయారు. ఇంత జరుగుతున్నా ఎలియాస్‌బెర్గ్ మెత్తబడలేదు. ఆలస్యంగా వచ్చినా, తప్పు వాయించినా అదనపు రొట్టె కోతపెట్టేవాడట. భార్యను పూడ్చిపెట్టి వచ్చినందువల్ల ఆలస్యమైందని ఒకాయన చెబితే, అదీ కారణం కాదన్నాడట. ఇది చదివితే మనకు కోపం వస్తుంది. రావడమే న్యాయం. ఆ బృందంలో బతికి బట్టకట్టినవారు కొందరు మాత్రం, ఆ కాఠిన్యమే లేకపోతే తాము మంచం దిగి ఉండేవారం కామని అన్నారు. రెండూ నిజమే అయివుంటాయి. మొత్తం సింఫనీని మొదటినుంచి చివరిదాకా వాయించగలిగిన ఓపిక వారికి కచ్చేరీకి ముందు ఒక్కసారే కలిగింది, మూడురోజుల ముందు.

ఆగస్టు 9

ఆదివారం సాయంకాలం. ఫిల్‌హార్మోనిక్ భవనపు పెద్ద హాలు. తెల్లని స్తంభాలు, పైన దీపాల గుత్తులు. కరెంటు లేని ఊళ్ళో ఆ దీపాలన్నీ వెలిగాయి! నెలల తరబడి చీకట్లో ఉన్న జనం ముందు దీపాలకే కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆడవారు పెట్టెల అడుగునుంచి యుద్ధానికి ముందు కట్టిన పట్టుబట్టలు తీసి వేసుకున్నారు. వదులై భుజాలమీదినుంచి జారిపోతున్నాయి. సైనికులు యుద్ధరంగంనుంచి సరాసరి వచ్చారు. వేదికమీద విద్వాంసులు ఆగస్టు నెలలో కూడా స్వెట్టరుమీద స్వెట్టరు తొడుక్కున్నారు. ఒంట్లో కండ లేనివాడికి ఎండాకాలమూ చలికాలమే కదా. ఎలియాస్‌బెర్గ్ పొడుగుకోటు దిష్టిబొమ్మకు తొడిగినట్టు వేళ్ళాడుతోంది.

హాలులో దీపాలు వెలుగుతుంటే, జనం గుమిగూడితే, శత్రువు ఊరుకుంటాడా? గుండు ఒకటి పడితే చాలు. గోవరోవ్ అదీ ఆలోచించాడు. కచ్చేరీకి ముందు అతని ఫిరంగులు శత్రు ఫిరంగి స్థానాలమీద గుళ్ళవాన కురిపించాయి. ఎదుటివారు తలదాచుకోవడంతోనే సరిపోయింది. సుమారు ఎనభై నిమిషాల సింఫనీ సాగినంతసేపూ హాలుమీద ఒక్క గుండు పడలేదు. తరువాత గోవరోవ్, మేమూ మీతోపాటు వాయించినట్టే అని కండక్టరుతో అన్నాడని చెబుతారు.

ఊరంతా లౌడ్‌స్పీకర్లలో విన్నది. శత్రువుల వైపుకు తిప్పిపెట్టిన లౌడ్‌స్పీకర్లలో జర్మను సైనికులూ విన్నారు.

వాయిద్యం ఎలా ఉంది? గొప్పగా ఉన్నదని చెప్పడం అబద్ధమే అవుతుంది. నోవోసిబిర్స్క్‌లో జూలై 9న మ్రావిన్‌స్కీ బృందం కడుపునిండా తిని, స్వరకర్త ఎదుట, ఇంతకన్న ఎన్నో రెట్లు శుద్ధంగా వాయించింది. ఇక్కడ కొమ్ములు అదిరి ఉంటాయి, ఫిడేళ్ళు అక్కడక్కడ విడిపోయి ఉంటాయి. చివరి భాగానికి వచ్చేసరికి కొందరికి ఓపిక అయిపోయింది. వారు తడబడడం చూసి హాలులో జనం లేచి నిలబడ్డారట. పరుగుపందెంలో పిల్లవాడు పడబోతే తల్లి కుర్చీలోంచి లేచినట్టు. ఆ నిలబడినవారి ముందు వారు మళ్ళీ అందుకుని ముగించారు.

చివరి స్వరం ఆగిన తరువాత కాసేపు నిశ్శబ్దం. ఆపైన చప్పట్లు. ఒక చిన్నపిల్ల వేదిక దగ్గరకు వచ్చి ఎలియాస్‌బెర్గ్ చేతిలో పూలగుత్తి పెట్టింది. పూలు! పార్కుల్లో ప్రతి మడిలోనూ క్యాబేజీ వేసుకున్న ఊళ్ళో ఎవరో ఒక మూల పూలమొక్క ఉంచుకున్నారన్నమాట.

ఎలియాస్‌బెర్గ్ తరువాతి కథ అంత ముచ్చటగా లేదు. ముట్టడి 1944 జనవరి 27న పూర్తిగా విడిపోయింది. పెద్ద బృందం సైబీరియానుంచి తిరిగి వచ్చింది, మ్రావిన్‌స్కీ తిరిగి వచ్చాడు. రెండో పీట మళ్ళీ రెండో పీటే అయింది. 1950 నాటికి ఎలియాస్‌బెర్గ్ రేడియో బృందంనుంచి కూడా తప్పుకున్నాడు. ఊరూరా తిరిగి వేరేవారి బృందాలను నడిపించి పొట్టపోసుకున్నాడు. 1978లో చనిపోయేదాకా పెద్ద పేరేమీ రాలేదు. సంగీతమా, రాజకీయమా, అసూయా, కటువైన స్వభావమా, ఏది కారణమో విడదీయడం కష్టం. కాలం గడిచిన తరువాత కొందరు జర్మనులు ఆయనను వెతుక్కుంటూ వచ్చారట. ఆనాడు కందకాల్లో కూర్చుని ఆ సంగీతం విన్నవారు. ఇంత ఆకలిలో సింఫనీ వాయించే ఊరిని పట్టుకోలేమని ఆ రోజే తమకు తెలిసిపోయిందని చెప్పారట.

1964 జనవరి 27న, ముట్టడి వీడి ఇరవై ఏళ్ళయిన రోజున, ఆనాటి విద్వాంసులలో బతికి ఉన్నవారిని మళ్ళీ ఒకచోట చేర్చారు. ఇరవై ఇద్దరు వచ్చారు. అదే హాలు, అదే సింఫనీ, అదే కండక్టరు. ఆనాడు వారు ఎక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చున్నారు. 1942 కచ్చేరీకి రాలేకపోయిన షోస్తకోవిచ్, ఈసారి శ్రోతల మధ్య ఒక కుర్చీలో కూర్చుని విన్నాడు.